సున్నపు చుక్క పెట్టిన తుమ్మెదలు

ఇది ఎప్పుడో రాయాల్సింది. నాకు రాయడం రాదు గనక రాయలేదు. యాభై ఆరో ఏట, మా మనవరాలు రెండో తరగతి చదివేటప్పుడు, అది బడి నుంచి వచ్చి పలక పడేసి ఆటకు పోతే, ఆ పలక ఒళ్లో పెట్టుకుని దాని అక్షరాల మీదే దిద్దుకుని నేర్చుకున్నాను. ఒత్తులు పట్టుబడడానికి ఏడాది పట్టింది. ఇప్పటికీ నా వరసలు కుడివైపు పోయేకొద్దీ కిందికి జారిపోతాయి. అర్థం మాత్రం అవుతుందిలే అని మనవరాలు చెప్పింది.

అయితే అక్షరాలు రాకపోవడం ఒక్కటే కారణమంటే పూర్తి నిజం చెప్పినట్టు కాదు. నోరుంది కదా. నోటితోనూ చెప్పలేదు, ఒక్క మనిషికి తప్ప.

పోయిన వారం మా వసారాలో బట్టలు ఆరేసే వెదురుకు తుమ్మెద బెజ్జం పెట్టింది. కింద నేల మీద సన్నటి పొట్టు రాలి ఉంది. మా అబ్బాయి కిరసనాయిలులో ముంచిన గుడ్డ తెచ్చాడు, బెజ్జంలో కుక్కడానికి. వద్దన్నాను. ఎందుకని అడిగాడు.

"ఒకామె గురించి రాయాల. రాసేదాకా ఆగు" అన్నాను.

వాడు నవ్వుకుంటూ గుడ్డను గూట్లో పెట్టాడు. ఆ వాసన ఇంకా వసారాలో ఉంది. అందుకే తొందరగా రాస్తున్నాను.

ఆమె మా ఆయనకు మేనత్త. మా ఇంట్లో ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు, అందరికీ చిన్నత్తే. నేను కాపురానికి వచ్చేనాటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. ఎడమ చేయి నడుము వెనక పెట్టుకుని, ఏదో పోగొట్టుకున్నట్టు నేల చూస్తూ నడిచేది. ఏమీ పోగొట్టుకోలేదు. అట్లా చూడడమే ఆమె పని.

ఎవరు ఏ సంగతి చెప్పినా ఆమె అడిగే మాట ఒకటే. "నువ్వు చూసినావా, ఎవరన్నా చెప్పినారా?"

ఒక ఆదివారం కూడిక అయ్యాక మా అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరు గారు, మద్రాసులో పద్నాలుగు అంతస్తుల మేడ లేచిందని చెబుతున్నారు. అందరూ నోరు తెరుచుకుని వింటున్నారు. చిన్నత్త వెనక వరస నుంచి, "మీరు చూసినారా అయ్యా?" అంది.

"లేదమ్మా, చూసినాయన చెప్పినాడు."

"ఆయన ఎక్కినాడంటనా?"

"అది అడగలేదమ్మా."

"అడగాల్సింది" అంది ఆమె. అంతే, ఇక ఆ మేడ సంగతి ఆమెకు అక్కర్లేదు. అయ్యగారు కూడా నవ్వారు గాని, తర్వాత ఏది చెప్పబోయినా ఒకసారి వెనక వరస వైపు చూసి చెప్పేవారు.

మాది విడవలూరు దగ్గర, సముద్రం ఒడ్డు ఊరు. ఇసుక నేల. ఇసుకలో నాలుగు మూరలు తవ్వితే మంచినీళ్లు ఊరతాయి, ఆ గుంటను దొరువు అంటాం. కుండతో ముంచుకుని మొక్కలకు పోసుకుంటాం. మా దొరువుకు తూర్పున, సముద్రం వైపు, మా ఆయన మిరప వేసేవాడు. పడమట చిన్నత్త చెక్క, అంటే చిన్న పొలం ముక్క. ఆ చెక్కలో ఆమె జనుము తప్ప మరొకటి వేయలేదు. ఆ చెక్క చివరే ఆమె తాటాకు గుడిసె.

జనుము తెలియనివాళ్లు ఉండరు. కానీ బుచ్చిరెడ్డిపాలెం వైపు వరి రైతులు దాన్ని పచ్చిరొట్టగా పెంచి, పూత మీద ఉండగానే దున్ని నేలలో కలిపేస్తారు. వాళ్లకు జనుము పువ్వు తెలుసు, కాయ తెలియదు. మా వైపు వలల వాళ్లకు నార కావాలి, నార కోసం కోసేసినా కాయ చూడనక్కర్లేదు. వీళ్లిద్దరికీ విత్తనం ఎక్కడిది? చిన్నత్తలాంటి వాళ్లు కాయ ముదిరేదాకా నిలబెట్టి కాపలా కాస్తేనే.

ఆ చెక్క ఆమెకు తండ్రి నోటిమాటగా ఇచ్చింది. అన్నదమ్ములందరి పొలాలకూ ఆమె ఏటా విత్తనం ఇవ్వాలి, ఇచ్చినంతకాలం చెక్క ఆమెది. ఒక ఏడు ఇవ్వలేకపోతే అది మిరపలో కలిసిపోతుంది, ఆమె మా ఇంట్లోకి వచ్చేస్తుంది. మా ఆయన ప్రేమగానే అనేవాడు, "ఎందుకత్తా ఈ అవస్త, ఇంట్లోకొచ్చి ఉండరాదా, ఒక ముద్ద ఎక్కువవుతుందా?" అని.

"వస్తాలే అబ్బయ్యా, విత్తనం అయిపోయిన్నాడు" అనేది ఆమె. మళ్లీ నాతో వేరేగా, "నా పొయ్యి నేను రాజేసుకున్నంతకాలం నేను మనిషిని మే. నీ పొయ్యి దగ్గరకు వస్తే ముసిలిదాన్నయిపోతా" అనేది.

ఆమె గుడిసె చూరుకు రెండు పాత వెదుర్లు ఉండేవి. బెజ్జాలే బెజ్జాలు. అన్నిట్లోనూ తుమ్మెదలు. తాటాకు మార్చిన ప్రతిసారీ కొత్త వెదురు వేసి, ఆ పాతవాటిని మాత్రం విప్పి, మళ్లీ వాకిలి ముందు ఎత్తున కట్టించేది. కప్పు వేసేవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. "కాపరం ఉండేవాళ్లను లేపేసి ఇల్లు కట్టుకుంటామా?" అనేది.

ఆమె అట్లా చేయడానికి కారణం దయ ఒకటే అనుకున్నాను మొదట. కాదని ఒక మాఘమాసం పొద్దున తెలిసింది. చలికి తుమ్మెదలు బెజ్జం అంచుకు వచ్చి, వెంటనే ఎగరలేక కాసేపు అక్కడే కూర్చుంటాయి. చిన్నత్త ముక్కాలి పీట ఎక్కి నిలబడింది. చేతిలో చీపురుపుల్ల. పుల్ల కొసకు తన ఆకువక్కల సంచిలోని సున్నం. తుమ్మెద తల బయట పెట్టి వీపు చూపించగానే దాని మీద ఒక చుక్క పెట్టింది. అది గుయ్యిమని చుట్టూ తిరిగి పోయింది. ఆమె కదల్లేదు. రెండోదానికి పెట్టింది.

"ఏంది అత్తా ఇది?"

"నా వెదురులో ఉండేదే నా చేలోకి వస్తుండాదా, లేకుంటే వేరే యాడికన్నా పోతుండాదా, తెలియాల గదా."

"అందరూ వస్తుందనే అంటారు గదత్తా."

"వాళ్లు చూసినారా?"

పొద్దెక్కాక నన్ను చేలోకి పిలిచింది. పచ్చటి పూల మీద నల్లటి తుమ్మెద, దాని వీపు మీద తెల్లటి చుక్క. ఆమె చప్పట్లు కొట్టలేదు గాని, మొహం పెళ్లికూతురి మొహంలా అయిపోయింది. నన్ను కూర్చోబెట్టి ఒక పువ్వు చూపించింది. జనుము పువ్వు కింది రేకులు దోనె ముక్కులా మూసుకుని ఉంటాయి. చిన్న ఈగ వచ్చి కూర్చుంటే ఆ ముక్కు కదలదు. తుమ్మెద కూర్చుంటే దాని బరువుకు వంగి, కొసలోంచి పచ్చటి పుప్పొడి బయటికొచ్చి దాని పొట్టకు అంటుకుంటుంది. అది ఆ పొట్టతోనే ఇంకో చెట్టుకు పోతుంది. అట్లా జరిగిన పువ్వే కాయ అవుతుందని ఆమె చెప్పింది. పాత చీర పీలికలు కట్టి, తుమ్మెద వాలిన పూలకు గుర్తులు పెట్టి చూసుకుందట. మూడేళ్లు చూసిందట.

కాయలు ముదిరాక ఆమె చేసే పని ఇంకొకటుంది. ఒక కాయ తుంచి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని ఆడించేది. లోపల గింజలు గలగలమంటే నోట్లో ఆకు మళ్లీ నమలడం మొదలుపెట్టేది. కోత పండక్కి అందరూ గుళ్లోకి వడ్ల కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెడితే, ఆమె జనుము కట్ట తెచ్చేది. పెట్టేముందు ఒకసారి గలగలమని ఊపి పెట్టేది. పిల్లలు ఆ చప్పుడు కోసం ఎదురుచూసేవాళ్లు.

ఇక ఆ ఏడు సంగతి.

అరవైల మొదట్లో మా ఊరికి పొడిమందు వచ్చింది. పంటల సంగతి చెప్పడానికి సర్కారు పెట్టిన గ్రామసేవకుడు సైకిల్ మీద తెచ్చాడు. కుర్రాడు, మంచివాడు. మిరపకు ముడత పోవాలంటే ఇదే అన్నాడు. బూడిద రంగు పొడి, బూజు పట్టిన గుడ్డ వాసన. పలచటి పంచె ముక్కలో మూట కట్టి, చెట్ల మీద పట్టుకుని కర్రతో తట్టాలి. "మంచు ఆరకముందే చల్లండక్కా, ఆకుకు పట్టుకుంటుంది" అని నాకు చెప్పాడు.

చిన్నత్త ఆ మూటను వాసన చూసింది. "పురుగును చంపుతుందంటివే, నువ్వు చూసినావా అబ్బయ్యా?"

"చూశానమ్మా. గంటలో రాలిపోతాయి."

"ఏ పురుగని దానికెట్ల తెలుస్తుంది?"

"పురుగు పురుగేనమ్మా" అని అతను నవ్వాడు. మేమూ నవ్వాం. ఆమె నవ్వలేదు. అడిగినదానికి జవాబు రాలేదన్నట్టు కాసేపు చూసి వెళ్లిపోయింది.

మాఘంలో ఆమె వాకాడు పోయింది, చెల్లెలి కూతురి కాన్పుకు. పన్నెండు రోజులు. పోతూ నాతో, "చేను చూస్తుండు" అంది. అంతవరకు ఆమె ఎవరికీ ఆ మాట చెప్పలేదు. నాకు గర్వంగా అనిపించింది.

మూడో రోజు జనుములో గొంగళ్లు కనిపించాయి. ఎర్రగా నల్లగా, కొసలు కొరికేస్తున్నాయి. నేను గాబరా పడ్డాను. చూడమన్న చేను పురుగు తినిపోతే ఏం మొహం చూపించాలి? మిరపకు చల్లగా మిగిలిన మందు ఒక మూటంత ఉంది. మరునాడు మంచు ఆరకముందే చెక్కంతా చల్లేశాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆమె వచ్చాక నేనే చెప్పి మెప్పు పొందాలనుకున్నాను.

పొద్దెక్కాక గొంగళ్లు చచ్చాయా లేదా అని చూడబోయాను. చచ్చాయి. చెట్ల కింద ఇసుకలో ఒక తుమ్మెద వెల్లకిలా పడి, రెక్కలు కొట్టుకుంటూ గుండ్రంగా తిరుగుతోంది. దాని చుట్టూ ఇసుకలో గిన్నె అడుగంత గుంట పడింది. తిప్పి నిలబెట్టాను. మళ్లీ పడింది. వీపున సున్నపు చుక్క ఉంది.

ఆ రోజూ మర్నాడూ కలిపి పదకొండు ఏరాను. ఏడింటికి చుక్కలున్నాయి. అన్నిటినీ ఒక తమలపాకులో చుట్టి, సముద్రం వైపు సర్వి చెట్ల కింద, అంటే సరుగుడు చెట్ల కింద, ఎండు ఇసుకలో పూడ్చి, పైన గుర్తుగా ఒక గవ్వ పెట్టాను.

ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. జనుము విరగబూసింది. ఏ ఏడూ అంత పూత లేదు. రాలిన పూల పైన కొత్త పూలు, వాటి పైన మొగ్గలు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. "చిన్నత్త లేనప్పుడే చేను బంగారమైంది చూడు" అని వేళాకోళమాడారు. మిరప మందు గాలి సోకి ఉంటుందని, మందు మహిమేనని గ్రామసేవకుడితో కూడా అన్నారు. నాకు గుండె కుదుటపడింది. తుమ్మెదలు పోతే పోయాయి, పంట బాగుంది కదా అనుకున్నాను.

చిన్నత్త వచ్చింది. చేలోకి పోకుండా ముందు వెదురు దగ్గరకు పోయింది. చెవి ఆనించింది. తర్వాత చేను గట్టున నిలబడి ఆ పూతను చూసింది.

"ఎట్లుండాది అత్తా?" అన్నాను.

"ఇంత పూత నేనెప్పుడూ చూళ్లా" అంది. ఒక కొమ్మ వంచి చూసి, "ఇన్నాళ్లకు పూత తగ్గాల మే. కాయ పడితే చెట్టుకు వేరే పనుంటుంది, పూయదు. ఇది ఇంకా పూస్తానే ఉండాదంటే ఎవరి కోసమో ఎదురు చూస్తుండాది" అంది.

కొమ్మలన్నీ వెతికింది. కాయలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. మరునాడు పొద్దున సున్నం పుల్ల పట్టుకుని పీట ఎక్కి నిలబడింది. ఎండ ముదిరేదాకా నిలబడింది. ఒక్కటీ తల బయట పెట్టలేదు.

దిగి వచ్చి నన్ను అడిగింది. "మందు చల్లినారా ఈడ?"

"మిరపకు చల్లినాం అత్తా. గాలికి వచ్చి ఉంటుంది."

"పొద్దునా, సాయంత్రమా?"

"పొద్దున్నే, మంచులో."

ఆమె తల ఊపింది. నమ్మిందనే అనుకున్నాను. నమ్మడం, నమ్మకపోవడం ఆమెకు రెండో సంగతి అని అప్పటికి నాకు తెలియదు.

చివర చెప్పాల్సింది ఇక్కడే చెప్పేస్తాను, దానితో ముగించడం నాకిష్టం లేదు గనక. ఆ ఏడు ఆ చెక్కలో మిగిలిన పూతను మేమిద్దరం చేత్తో ఒత్తాం. తుమ్మెద కూర్చునేచోట బొటనవేలితో నొక్కి, వచ్చిన పుప్పొడిని ఇంకో చెట్టు పువ్వుకు పూసి, ఒక్కొక్క పువ్వూ, ఇరవై రోజులు. వేళ్లు పచ్చబడిపోయాయి. రెండు బస్తాలు రావాల్సిన చోట ఒక తవ్వెడు గింజలు వచ్చాయి. కోత పండక్కి ఆమె నాలుగే కాయలు తెచ్చి, వాటినే ఊపి, బల్ల మీద పెట్టింది. చప్పుడు వెనక వరసకు వినపడలేదు. మిగిలిన గింజలు మళ్లీ విత్తనానికే వేసింది. అన్నదమ్ములు ఆ ఏడు విత్తనం బయట తెచ్చుకున్నారు. చెక్క మిరపలో కలపాలని మాట వచ్చింది. "ఒక తవ్వెడు పండించింది గదా, విత్తనం అయిపోయిందని ఎట్లంటాం?" అని నేను మా ఆయనతో పట్టుబట్టాను. పెళ్లయ్యాక ఆయనతో నేను పట్టుబట్టింది అదే మొదలు. ఆమె ఇంకో తొమ్మిదేళ్లు ఆ గుడిసెలోనే తన పొయ్యి మీదే వండుకుంది.

తుమ్మెదలు తర్వాతి ఏడు రెండు వచ్చాయి, ఎక్కడి నుంచో. ఆ పై ఏడు ఐదారు. మునుపటంత మళ్లీ ఎప్పుడూ లేవు. జనుము పూసేటప్పుడు మిరపకు మందు వద్దని ఆమె చెబితే మా ఆయన ఒక ఏడు విన్నాడు, ఒక ఏడు వినలేదు. తర్వాత సీసాలలో ఘాటు మందులు వచ్చాయి.

ఆమె ఊరికి పోయినందుకే చేను పాడైందని ఊరంతా అనుకుంది. ఆమె మొహం మీదే అన్నారు. ఆమె ఎవరినీ దిద్దలేదు. నేనూ దిద్దలేదు. ఇప్పుడు దిద్దుతున్నాను.

నేను అబద్ధం చెప్పిన రెండో రోజు పొద్దున ఆమె నన్ను పిలిచింది. పొయ్యిలో బూడిద జల్లించి, పలచటి గుడ్డలో మూట కట్టి పెట్టుకుంది. ఒక పాత నల్ల చీరను నీళ్లలో తడిపి పిండి నా చేతికి ఇచ్చింది.

"నువ్వు పోయి నా చేలో నిలబడి దీన్ని పరిచి పట్టుకో. నేను మిరపలో నిలబడి బూడిద తడతా. ఎంత వచ్చి పడుతుందో చూద్దాం" అంది.

నేను జనుములో నిలబడ్డాను, తడి చీర రెండు చేతులా పట్టుకుని. ఆమె దొరువు అవతల మిరపలో కర్రతో తడుతోంది. పొద్దున పూట మా ఊళ్లో గాలి నేల మీద నుంచి సముద్రానికి పోతుంది. పొద్దెక్కాకే ఇటు తిరిగి వస్తుంది. దోనెలు నడిపేవాళ్లకూ తెలుసు, గుడ్డలు ఆరేసేవాళ్లకూ తెలుసు. నాకూ తెలుసు. అబద్ధం చెప్పేటప్పుడు గుర్తు రాలేదు.

బూడిద తెల్లగా లేచి, సర్వి చెట్ల వైపు, సముద్రం వైపు పోయింది. చీర నల్లగానే ఉంది.

"ఒక పొద్దు చూస్తే చాలదు" అంది ఆమె. మరునాడు మళ్లీ. ఆ మరునాడు మళ్లీ. మూడు పొద్దులూ నేనే చీర పట్టుకున్నాను. మూడోనాడు ఆమె నా దగ్గరకు వచ్చి చీర మీద అరచేయి రాసి, చేయి తిప్పి చూసుకుంది. శుభ్రంగా ఉంది.

"బూడిద అటు పోతుండాది మే."

"ఊ."

"మందు మాత్రం ఇటెట్ల వచ్చింది?"

"ఏమో అత్తా."

"ఏమో అంటే చూళ్లేదనే గదా." ఆమె చీర మడత పెట్టింది. కోపం లేదు, ఎగతాళి లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నట్టు ఉంది ఆ మొహం. "చూసినోళ్లు ఎవరన్నా ఉంటే బాగుండు. ఎట్ల పడినాయో, ఎంతసేపటికి పడినాయో, అన్నీ ఒకేపాలి పడినాయో ఏమో. నాకు అదొక్కటి తెలియాల" అని, ఎడమ చేయి నడుము వెనక పెట్టుకుని గుడిసెకు పోయింది.

మరునాడు తెల్లవారగానే నేను సర్వి చెట్ల కిందికి పోయాను. గుర్తుగా పెట్టిన గవ్వ అక్కడే ఉంది. చేత్తో ఇసుక తీశాను. తమలపాకు ఎండి పెళుసయింది. తుమ్మెదలు పదకొండూ ఉన్నాయి, కాళ్లు ముడుచుకుని, తేలిగ్గా, బెండులా. వాటిని కొంగులో వేసుకుని నడిచాను. చిన్నత్త గడపలో కూర్చుని ఆకుకు సున్నం రాసుకుంటోంది. ఆమె ముందు నేల మీద కొంగు విప్పాను.

ఆమె సున్నం వేలు అట్లాగే పెట్టుకుని వంగి చూసింది. చీపురుపుల్లతో ఒక్కొక్కదాన్నీ తిప్పింది. చుక్కలున్నవి ఒక పక్కకు, లేనివి ఒక పక్కకు జరిపింది. ఏడు, నాలుగు. తలెత్తి, ఎప్పుడూ అడిగే మాటే అడిగింది.

"నువ్వు చూసినావా?"

"చూసినానత్తా. నేనే చల్లినా."

ఆమె గడపలో కాస్త పక్కకు జరిగింది.

"కూచో. మొదట్నించి చెప్పు" అంది.

నేను కూర్చుని, గొంగళ్లను చూసిన రోజు నుంచి మొదలుపెట్టాను.